ప్లాట్‌ఫాం తీసేయడమూ, ప్రభుత్వం ఆపేయడమూ ఒకటేనా?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు శ్రీకాళహస్తి ప్రాంతం నుంచి స్థానిక వార్తల వీడియో ఛానల్ నడుపుతున్నారు. ఈ మధ్య మీ వీడియోలు రెండు కనబడకుండా పోయాయి. మొదటిది తిరుపతి గంగమ్మ జాతరలో వేషాలు కట్టినవారి వీడియో. దాన్ని 'కమ్యూనిటీ గైడ్‌లైన్స్‌కు విరుద్ధం' అంటూ తొలగించారు. రెండోది రాత్రిపూట తిరిగే ఇసుక లారీల మీద చేసినది. దాని స్థానంలో 'ప్రభుత్వం నుంచి అందిన చట్టపరమైన ఫిర్యాదు కారణంగా ఈ దేశంలో అందుబాటులో లేదు' అని వస్తోంది. ఇంత పెద్ద ప్లాట్‌ఫాం చేతిలోని అధికారం ప్రభుత్వ సెన్సార్‌షిప్‌తో సమానమే కదా, రెండింటినీ కలిపి హైకోర్టులో రిట్ (హక్కుల రక్షణ కోసం నేరుగా వేసే పిటిషన్) వేయవచ్చా అని అడిగారు.

సూటిగా చెబుతాను. రెండూ సమానం కావు. రెండింటినీ ఒకే రిట్‌లో కలపకండి. నష్టం వైపు నుంచి చూస్తే అవి ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి, కొన్నిసార్లు ప్లాట్‌ఫాం వల్ల జరిగే నష్టమే ఎక్కువ. అయితే ఆ అధికారం ఎక్కడి నుంచి వచ్చింది, అది ఎవరికి జవాబు చెప్పుకోవాలి, మీరు ఎవరి తలుపు తట్టాలి అనే విషయాల్లో రెండింటికీ పోలిక లేదు. మీ మొదటి వీడియో కంపెనీ నిర్ణయం. రెండోది కంపెనీ చేతితో జరిగిన ప్రభుత్వ నిర్ణయం. నా దృష్టిలో ఎక్కువ ఆందోళన పడవలసింది ఈ రెండో రకం గురించే.

నేను తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాదిని. చిన్న పత్రికల విలేకరులు, వీడియో ఛానళ్లు నడిపేవారు ఇలాంటి తగాదాలతో నా దగ్గరికి తరచుగా వస్తుంటారు. అందుకే సిద్ధాంతం అవసరమైనంత మేరకే చెప్పి, ఆచరణలో చూసినది ఎక్కువగా చెబుతాను.

రాజ్యాంగం 19(1)(ఏ) అధికరణం ఇచ్చిన వాక్‌స్వాతంత్ర్యం ప్రధానంగా ప్రభుత్వానికి ఎదురుగా నిలబెట్టిన హక్కు. ప్రభుత్వం ఒక మాటను ఆపాలంటే 19(2)లో చెప్పిన కారణాల్లో ఏదో ఒకటి చూపించాలి: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, భద్రత, విదేశాలతో సత్సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి పురికొల్పడం. ఈ పరిధికి బయట ఉన్నదాన్ని ఆపే అధికారం ప్రభుత్వానికి లేదు. పైగా ఆ పరిమితి శాసనం ద్వారానే రావాలి, సమంజసంగా ఉండాలి. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు సమాచార సాంకేతిక (ఐటీ) చట్టంలో ఆన్‌లైన్ 'అభ్యంతరకర' సందేశాలను నేరం చేసిన 66ఏ సెక్షన్‌ను కొట్టివేసింది ఈ కొలతతోనే.

ప్లాట్‌ఫాంకు ఈ కొలత వర్తించదు. ఖాతా తెరిచేటప్పుడు మనం చదవకుండా 'అంగీకరిస్తున్నాను' అని నొక్కిన షరతులే దాని శాసనం. దానికి జైలు లేదు, పోలీసు లేడు, మీ కెమెరాను జప్తు చేసే అధికారం లేదు. 1908లో తిరునెల్వేలి కాల్పులను ఖండిస్తూ 'స్వరాజ్య' పత్రికలో వెలువడిన వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు మన చిత్తూరుకు పొరుగునే ఉన్న వేలూరు జైలులో శిక్ష అనుభవించారు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ విధించగానే పత్రికలు అచ్చుకు ముందే సెన్సారు అధికారికి ప్రతులు చూపించవలసి వచ్చింది. ఒక చోట వద్దన్న వ్యాసాన్ని ఇంకో చోట వేసుకునే వెసులుబాటు ఆ రోజుల్లో ఎవరికీ లేదు. మీ జాతర వీడియోను మీరు ఈ రోజే మరో ప్లాట్‌ఫాంలో పెట్టుకోవచ్చు, మీ సొంత వెబ్‌సైటులో పెట్టుకోవచ్చు. ఎంత నష్టం జరిగినా ఈ తేడాను చిన్నదిగా చూడకూడదు.

కల్యాణ మండపం యజమాని మీ సభకు హాలు ఇవ్వననడం వేరు, పాత 144 సెక్షన్ కింద ఊరంతటా సభలు నిషేధించడం వేరు. మొదటిది ఆయన ఆస్తి మీద ఆయన నిర్ణయం, రెండోది మీ హక్కు మీద ప్రభుత్వ నిర్ణయం. మీ వాదనలో బలమంతా తర్వాతి ప్రశ్నలో ఉంది. ఊరికి మండపం ఒక్కటే అయితే, జనమంతా అక్కడికే వచ్చి కూర్చుంటుంటే, ఖాళీ మైదానంలో మీరు సభ పెట్టుకోవచ్చు అని చెప్పడం ఎంతవరకు న్యాయం? మీ చందాదారులు, మీ ప్రకటనల రాబడి, ఐదారేళ్ల పాత వీడియోలు అన్నీ ఒకే చోట ఉన్నప్పుడు 'వేరే చోటికి వెళ్లండి' అన్న సలహా కాగితం మీదే బాగుంటుంది. ఇది నిజమైన సమస్య అని నేను ఒప్పుకుంటాను. కానీ అది గుత్తాధిపత్య సమస్య. దానికి 2002 నాటి కాంపిటీషన్ చట్టం ఉంది. వాట్సాప్ ప్రైవసీ విధానం విషయంలో కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటా సంస్థకు 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించింది ఆ చట్టం కిందనే. ఆ చట్టం మార్కెట్‌ను సరిదిద్దగలదేమో గానీ మీ వీడియోను తిరిగి తెచ్చిపెట్టదు.

ఇంకొక మాట. మీ వీడియోల కింద వచ్చే బూతు వ్యాఖ్యలను మీరు తీసేస్తూనే ఉంటారు, తీసేయాలి కూడా. ప్లాట్‌ఫాంను ప్రభుత్వంతో సమానం చేసి, చట్టం నిషేధించని ప్రతి మాటనూ ఉంచి తీరాలని కోర్టు ఆదేశిస్తే ఏమవుతుందో ఊహించండి. నకిలీ దర్శనం టికెట్ల ప్రకటనలు, అమ్మాయిల ఫొటోల కింద రాసే వెకిలి రాతలు, అర్ధసత్యాలతో అల్లిన పుకార్లు, వీటిలో ప్రతిదానికీ నేరమని రుజువయ్యేదాకా ఆగవలసి వస్తుంది. అమెరికా సుప్రీంకోర్టు 2024 జులైలో టెక్ కంపెనీల సంఘమైన నెట్‌చాయిస్ కేసుల్లో దేన్ని ఉంచాలి, దేన్ని తీయాలి అని ఎంచుకోవడం ప్లాట్‌ఫాం సొంత భావప్రకటనే అవుతుందన్న అభిప్రాయం వెలిబుచ్చింది. అంత దూరం వెళ్లడం నాకు ఇష్టం లేదు. కోట్ల మంది పోస్టులను యంత్రంతో వడపోసే పనిని పత్రికా సంపాదకుడి విచక్షణతో సమానం చేయడం అతిశయోక్తి. అయినా ఆ ఆలోచనలో కొంత నిజం ఉంది.

ఇక ప్లాట్‌ఫాం అధికారం ప్రభుత్వ అధికారం కంటే దుర్భరంగా మారే సందర్భాల సంగతి.

మీ జాతర వీడియోనే తీసుకోండి. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్లు బూతులు తిట్టడం ఆచారమని తిరుపతిలో చిన్న పిల్లవాడికి కూడా తెలుసు. దాక్కున్న పాలెగాడిని బయటికి రప్పించడానికి అమ్మవారు వేషాలు వేసిందన్న కథ ఆ తిట్లకు నేపథ్యం. మగవాళ్లు చీరలు కట్టుకుని అమ్మవారికి మొక్కు తీర్చుకుంటారు. ఇవేవీ తెలియని యంత్రానికి వినిపించేవి బూతులు, కనిపించేది ముఖానికి రంగు పూసుకుని ఎవరినో తరుముతున్న గుంపు. అందుకే 'వేధింపు' అని ముద్ర వేస్తుంది. మీరు అప్పీలు చేసినా అవతల చూసేవారికి తిరుపతి యాస అర్థమవుతుందన్న నమ్మకం లేదు. ఇదే వీడియోను ఒక తహసీల్దారు గానీ సీఐ గానీ ఆపాలంటే ఎన్ని చిక్కులుంటాయో ఆలోచించండి. ఏ సెక్షన్ అని అడగవచ్చు, రాతపూర్వకంగా ఇమ్మనవచ్చు, ఊరి పెద్దలు వెళ్లి మాట్లాడవచ్చు, కోర్టుకు లాగవచ్చు. అధికారికి ఒక కుర్చీ ఉంటుంది, పేరు ఉంటుంది, పైఅధికారి ఉంటాడు. మీ వీడియోను తీసేసిన యంత్రానికి ఇవేవీ లేవు.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెబుతాను. పుత్తూరు కట్టు గురించి ఒక యువకుడు వీడియోలు చేసేవాడు. విరిగిన చేతికి ఆకుపసరు, గుడ్డ, వెదురు బద్దలు పెట్టి కట్టే విధానాన్ని ఎలాంటి అతిశయోక్తీ లేకుండా చూపించాడు. ఒక పెద్ద వీడియో ప్లాట్‌ఫాం దాన్ని 'తప్పుడు వైద్య సమాచారం' కింద తీసేసింది. అప్పీలు చేసిన కొద్దిసేపటికే తిరస్కరించినట్లు మెయిల్ వచ్చింది. మనిషి చూసిన ఆనవాలు అందులో ఏమీ లేదు. భారతదేశంలోని వారి గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి మేము రాతపూర్వక ఫిర్యాదు పంపాము. కొన్నాళ్లకు వీడియో తిరిగి కనిపించింది. ఎందుకు తీశారో చెప్పలేదు, ఎందుకు తిరిగి పెట్టారో కూడా చెప్పలేదు. ఎముక విరిగినవాడు ఎక్స్‌రే తీయించుకోకుండా ఇలాంటి వీడియో చూసి కట్టు కట్టించుకుంటే ప్రమాదమేనన్న కంపెనీ భయం పూర్తిగా అర్థరహితమని నేను అనను. ప్రభుత్వం కూడా ఆ భయంతోనే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద ప్రకటనలను అదుపు చేస్తుంది. కానీ ఆ చట్టం కింద కేసు పెడితే ఏ రోగానికి, ఏ ప్రకటనకు అన్న వివరాలు ఉంటాయి, మన వాదన వినే న్యాయమూర్తి ఉంటారు. ఇక్కడ మాకు దక్కినది ఒక ముద్ర, ఒక మెయిల్.

పేరున్నవారికీ ఇది తప్పలేదు. సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే 2019లో నాజీ వందనం చేయడానికి నిరాకరించి చేతులు కట్టుకుని నిలబడిన ఆగస్ట్ లాండ్‌మెస్సర్ ఫొటోను ట్విట్టర్‌లో పెట్టుకున్నందుకు ఖాతాను కోల్పోయి ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. నాజీ వ్యతిరేక చిత్రాన్ని విద్వేష చిత్రంగా లెక్కగట్టిన తీరును బట్టే ఈ వడపోతలో సందర్భానికి ఎంత విలువ ఉందో ఊహించవచ్చు.

తీసేయకుండానే తగ్గించడం ఇంకొక రకం. వీడియో అక్కడే ఉంటుంది, చూసేవారికి మాత్రం చేరదు. ప్రభుత్వ సెన్సారు ఎంత కఠినమైనదైనా ఆపినట్లు మనకు తెలిసేది; ఎమర్జెన్సీలో సంపాదకీయం స్థానాన్ని ఖాళీగా వదిలితే పాఠకుడికి విషయం అర్థమయ్యేది. వ్యాప్తిని తగ్గించినప్పుడు ఆ ఖాళీ స్థలం కూడా కనబడదు. దీన్ని కోర్టులో రుజువు చేయడం ఎంత కష్టమో ప్రయత్నించినవారికే తెలుస్తుంది. కనుక 'వ్యూస్ పడిపోయాయి' అన్న ఒక్క ఆధారంతో నా దగ్గరికి వచ్చేవారిని నేను సాధారణంగా వెనక్కి పంపుతాను.

ఇప్పుడు మీ రెండో వీడియో. దీని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టండి.

ప్రభుత్వం ఇంటర్నెట్‌లోని సమాచారాన్ని ఆపడానికి రెండు దారులు వాడుతోంది. మొదటిది ఐటీ చట్టం 69ఏ సెక్షన్. దీని కింద ఆపాలంటే దేశ సార్వభౌమత్వం, రక్షణ, భద్రత, విదేశీ సంబంధాలు, శాంతిభద్రతలు, వీటికి సంబంధించిన నేరాలకు పురికొల్పడం వంటి కారణాలే ఉండాలి. పరువునష్టం ఇందులో లేదు, నైతికత లేదు. ఇసుక లారీల వీడియో ఏ కోణం నుంచి చూసినా ఈ జాబితాలో ఇమడదు. రెండోది 79(3)(బీ). ఇది నిజానికి ఆపే అధికారం ఇచ్చే సెక్షన్ కాదు. ఇతరులు పెట్టిన సమాచారానికి ప్లాట్‌ఫాం బాధ్యత వహించనక్కర్లేదన్న రక్షణను 79 ఇస్తుంది. చట్టవిరుద్ధమైన సమాచారం ఉందని ప్రభుత్వం తెలియజేశాక కూడా తీయకపోతే ఆ రక్షణ పోతుందని ఈ ఉపనిబంధన చెబుతుంది. కంపెనీ ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు. మన శ్రీకాళహస్తి లారీల కోసం అది తన వ్యాపార రక్షణను పణంగా పెట్టదు. నోటీసు రాగానే తీసేసి చేతులు దులుపుకుంటుంది. కేంద్రం నడిపే 'సహయోగ్' పోర్టల్ ద్వారా ఇలాంటి నోటీసులు పంపడాన్ని ఎక్స్ సంస్థ సవాలు చేస్తే కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబరు 24న ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. కాబట్టి ఆ దారి ప్రస్తుతానికి తెరిచే ఉంది.

ప్లాట్‌ఫాంకూ ప్రభుత్వానికీ పోలిక ఉందా అని అడిగే బదులు ఈ రెండూ ఎక్కడ కలుస్తున్నాయని అడగాలంటాను నేను. కలిసిన చోట మీకు రెండు వైపులా తలుపులు మూసుకుంటాయి. కంపెనీని అడిగితే ప్రభుత్వం చెప్పిందంటుంది. ప్రభుత్వాన్ని అడిగితే, 69ఏ అయితే 2009 నిరోధక నియమాల్లోని 16వ నియమం ప్రకారం అది రహస్యమంటుంది. వరకట్నం మీద వ్యంగ్యంగా నడిపిన ఒక వెబ్‌సైటును 2018లో ఇలాగే నిరోధిస్తే, ఆ నిరోధ ఉత్తర్వు ప్రతిని యజమానికి ఇచ్చి అతని వాదన వినాలని 2022 మేలో ఢిల్లీ హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది. తనను ఎందుకు ఆపారో తెలుసుకోవడానికే ఒక మనిషికి అంత కాలం పట్టింది.

కాగితమే లేని సెన్సారు కూడా ఉంది, మన జిల్లాల్లో నాకు ఎక్కువగా ఎదురయ్యేది అదే. స్టేషను నుంచి ఫోను వస్తుంది. 'ఆ వీడియో గురించి సార్ మాట్లాడాలంటున్నారు, ఒకసారి వచ్చి పొండి' అంటారు. బెంచీ మీద రెండు గంటలు కూర్చోబెట్టాక ఆ వ్యక్తి అక్కడే ఫోను తీసి వీడియోను తనే తొలగిస్తాడు. రికార్డు ప్రకారం ప్రభుత్వం ఏమీ ఆపలేదు, కంపెనీ ఏమీ తీయలేదు. ఇలాంటి పిలుపు వస్తే నేను ఇచ్చే సలహా ఒక్కటే: సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 35(3) కింద, అంటే అందరూ ఇప్పటికీ 41ఏ నోటీసు అని పిలిచే దాని కింద, రాతపూర్వకంగా పిలవమని మర్యాదగా అడగండి, వచ్చాక న్యాయవాదిని వెంటబెట్టుకుని తప్పకుండా వెళ్లండి. ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు 2025 మార్చి 28న ఇచ్చిన తీర్పు ప్రతిని కూడా తీసుకెళ్లండి. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరారోపణలు మాటలకు, రాతలకు సంబంధించినవైతే ఎఫ్‌ఐఆర్‌కు ముందు అదే చట్టం 173(3) కింద ప్రాథమిక విచారణ జరపడం సముచితమని ఆ తీర్పు చెబుతోంది.

ప్లాట్‌ఫాం మీద నేరుగా రిట్ నిలుస్తుందా అన్న సందేహం మిగిలింది. 2023 జనవరి 3న కౌశల్ కిశోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం 4-1 మెజారిటీతో 19, 21 అధికరణాల హక్కులను ప్రైవేటు వ్యక్తుల మీద కూడా అమలు చేయవచ్చని చెప్పింది. మీరు బహుశా దీన్నే దృష్టిలో పెట్టుకుని అడిగి ఉంటారు. కానీ అది మంత్రుల వ్యాఖ్యల గురించి వచ్చిన కేసు. ప్లాట్‌ఫాంల విషయంలో ఆ సూత్రాన్ని ఎలా వర్తింపజేయాలో అందులో లేదు. 2005 నాటి జీ టెలిఫిల్మ్స్ కేసులో బీసీసీఐ 'రాజ్యం' (ప్రభుత్వంలో భాగం) కాదంటూనే, ప్రజావిధులు నిర్వహించే సంస్థ మీద రాజ్యాంగం 226 అధికరణం కింద హైకోర్టుకు వెళ్లవచ్చన్నారు. వాదించడానికి ఇవి చక్కగా పనికొస్తాయి. ఒక చిన్న ఛానల్ ఖర్చుతో, అమరావతి దాకా తిరుగుతూ ఈ రాజ్యాంగ ప్రశ్నను తేల్చుకునే భారం మీరు నెత్తిన వేసుకోవాలా అన్నది మాత్రం ఆలోచించుకోండి. నేనైతే వద్దంటాను.

దానికంటే చేతికి అందే దారి 2021 ఐటీ నియమాలు. యాభై లక్షలకు మించి నమోదైన వినియోగదారులున్న సామాజిక మాధ్యమ సంస్థ తనంతట తాను దేన్నైనా తొలగించేటప్పుడు ముందుగా తెలియజేయాలని, కారణం చెప్పాలని, అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 4(8) నియమం అంటోంది. 2022 సవరణలో చేరిన 3(1)(ఎన్) నియమమైతే రాజ్యాంగంలోని 14, 19, 21 అధికరణాల హక్కులను ప్లాట్‌ఫాంలు గౌరవించాలని నేరుగా చెబుతోంది. మీ జాతర వీడియో ఫిర్యాదులో ఈ రెండింటినీ పేర్కొనండి. జాతర నేపథ్యాన్ని అర పేజీలో రాయండి, వేషాల గురించి దినపత్రికల్లో వచ్చిన వార్తల క్లిప్పింగులు జతచేయండి, ఏ నిమిషంలో ఏ మాట ఎందుకు వస్తుందో వివరించండి. యంత్రం దగ్గర ఓడిపోయిన సందర్భాన్ని మనిషి ముందు నిలబెట్టేది ఆ అర పేజీయే. గ్రీవెన్స్ అధికారి తిరస్కరిస్తే ముప్పై రోజుల్లోగా గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో వెళ్లవచ్చు. ఆ కమిటీలను నియమించేది కేంద్ర ప్రభుత్వమే. కంపెనీ సెన్సార్‌షిప్ మీద ఫిర్యాదును ప్రభుత్వం నియమించిన కమిటీయే తేల్చడం నాకు అంత సౌకర్యంగా అనిపించదు గానీ, జాతర వీడియో లాంటి రాజకీయం లేని విషయంలో ఆ దారి వాడుకోవడానికి సంకోచించనక్కర్లేదు.

ఇసుక వీడియోకు ఆ దారి వద్దు. ముందు ప్లాట్‌ఫాంకు రాసి ఏ అధికారి, ఏ సెక్షన్ కింద, ఏ తేదీన నోటీసు పంపారో అడగండి. 2025 నవంబరు 15 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ఇలాంటి నోటీసు జాయింట్ సెక్రటరీ స్థాయికి తగ్గని అధికారి (ఆ స్థాయివారు లేనిచోట డైరెక్టర్ స్థాయి అధికారి), పోలీసు శాఖ నుంచి అయితే ప్రత్యేకంగా అధికారం పొందిన డీఐజీ స్థాయికి తగ్గని అధికారి మాత్రమే ఇవ్వాలి. చట్టపరమైన ఆధారం, ఏ లింకు అన్నది స్పష్టంగా ఉండాలి. మీ విషయంలో సంతకం ఇన్‌స్పెక్టరుదో, గనుల శాఖ జిల్లా అధికారిదో అయితే మీ రిట్ సగం గెలిచినట్లే. ఆ రిట్‌లో ప్రతివాదులుగా ప్రభుత్వాన్ని, నోటీసు ఇచ్చిన అధికారిని ముందు పెట్టండి; ప్లాట్‌ఫాంను చివరి ప్రతివాదిగా చేర్చితే చాలు, నోటీసు ప్రతిని కోర్టు ముందు పెట్టవలసింది వారే కనుక.

ఈలోగా అసలు ఫుటేజీని, తీసిన తేదీ, సమయం చెరిగిపోకుండా వేరే హార్డ్ డిస్కులో భద్రపరచండి. తొలగింపు సందేశాల స్క్రీన్‌షాట్లు, వచ్చిన మెయిళ్లు దాచండి. నిరోధించిన ఇసుక వీడియోనే వేరే పేరుతో మళ్లీ ఎక్కించే ప్రయత్నం చేయకండి. ఛానల్‌కు స్ట్రైకులు (నిబంధనలు ఉల్లంఘించినట్లు వేసే ముద్రలు) పడవచ్చు. యూట్యూబ్‌లో అయితే తొంభై రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోతుంది. ఆ రెండో సందేశంలోని పూర్తి వాక్యాన్ని, మీకు వచ్చిన మెయిల్ తేదీని ఇక్కడ రాస్తే, అది 69ఏ కిందికి వస్తుందో, 79(3)(బీ) కిందికి వస్తుందో చూసి చెబుతాను.